మా రోజుల్లో లాఠీకి వెరపుండేది

మా రోజుల్లో పోలీసులు మంచివాళ్ళని నేను అనను. అంటే కళ్ళు పోతాయి. గుంటూరు జిల్లాలో మెజిస్ట్రేటు కోర్టుల చుట్టూ మూడు దశాబ్దాలకు పైగా గుమాస్తాగిరీ చేసి, అందులో సగం కాలం బెంచి క్లర్కుగా కూర్చున్నవాణ్ణి. లాకప్పులోంచి వచ్చినవాడు గుమ్మంలోంచి బోను దాకా నడిచేలోపు ఎక్కడ కొట్టారో చెప్పగలిగేవాణ్ణి. కాబట్టి "ఆ మనుషులే వేరు, ఆ కాలమే వేరు" అని కళ్ళు తుడుచుకునే రాత కాదు ఇది. నా గొడవ వేరు. అప్పుడు కొట్టినవాడు దాచుకునేవాడు. ఊళ్ళోవాళ్ళు అడుగుతారని, పేపరువాడు రాస్తాడని, మెజిస్ట్రేటు చొక్కా విప్పి చూపించమంటాడని ఎక్కడో ఓ మూల జంకు ఉండేది. ఇప్పుడు ఊరే ఎదురొచ్చి "ఇంకా కొట్టలేదేమిటండీ?" అంటోంది. ఇంక వాడు దేనికి జంకుతాడు?

మా కాలనీ పార్కులో పొద్దున్నే చేరే ముసలివాళ్ళలో ఓ రిటైర్డు హెడ్మాస్టరుగారున్నారు. ఫోన్లో ఏదో ఘోరం చదివి, "ఇలాంటివాళ్ళకి కోర్టులెందుకండీ, రెండు తూటాలు చాలు" అంటారు. బల్ల మీదున్న అందరూ అవునంటే అవునంటారు. ఆయన జీవితమంతా పిల్లలకి పౌరశాస్త్రం చెప్పారు. చట్టం ముందు అందరూ సమానులేనని ఎన్ని వందలమంది చేత బట్టీ పట్టించారో! నేను నోరు తెరిస్తే, "మీకేమండీ, కోర్టువాళ్ళు, మీకు ముద్దాయిలంటేనే జాలి" అంటారు. ఆ బల్ల మీద నా మాట చెల్లకే ఇక్కడ రాస్తున్నాను.

నేను ఉద్యోగంలో చేరేనాటికి కానిస్టేబుళ్ళు ఖాకీ నిక్కర్లలోనే ఉండేవారు. పోలీసు లైన్లు ఊరి మధ్యే ఉండేవి. హెడ్డుగారి పిల్లలు మా పిల్లల బళ్ళోనే చదివేవారు, వాళ్ళావిడ మా వీధి పంపు దగ్గరే బిందె పెట్టేది. స్టేషన్లో ఎవరికైనా ఏదైనా జరిగితే మధ్యాహ్నానికల్లా ఆ పంపు దగ్గర తెలిసిపోయేది. దానికి ఏ చట్టమూ లేదు, ఏ సుప్రీంకోర్టూ చెప్పలేదు. కొట్టిన మనిషి పేరు ఊరికి తెలుసు, ఆ మనిషికీ ఊరు తెలుసు. అంతే. రాత్రి ఒకణ్ణి చావబాది పొద్దున అదే వీధిలో కూరగాయలు కొనాలంటే ఎవరికైనా ఇబ్బందే.

ఇక ఫిర్యాదు ఇవ్వడానికి వెళితే? ఆ కష్టం ఈ కాలం పిల్లలకు చెప్పినా అర్థం కాదు. ముందు దస్తా తెల్లకాగితాలూ కార్బన్లూ కొనుక్కురమ్మనేవారు. రైటరుగారికి టీ. తర్వాత "ఎస్సైగారు బందోబస్తుకి వెళ్ళారు, రేపు రండి" అనేవారు. పెద్దమనిషి ఒకరు వెంట ఉంటే తప్ప ఎఫ్ఐఆర్ పుస్తకం బయటికి వచ్చేది కాదు. పల్లెల్లో అయితే గ్రామ మునసబు రాసి పంపే కాగితమే మొదటి సమాచారం. ఆ మునసబు ఎవరి పక్షమో దాన్ని బట్టే కేసు నడక. 1984లో రామారావుగారు మునసబు, కరణాలను తీసేశాక ఆ బెడద పోయింది, వేరే బెడదలు వచ్చాయి. 2013లో లలితా కుమారి కేసులో, విచారించదగ్గ నేరం కనబడితే ఎఫ్ఐఆర్ రాసి తీరాల్సిందేనని సుప్రీంకోర్టు అంది. ఇప్పుడు పరిధితో పనిలేకుండా ఏ స్టేషన్లోనైనా జీరో ఎఫ్ఐఆర్ ఇవ్వచ్చని 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలోనే రాశారు. ఇది మంచిదే, కాదనను. మంచిదాన్ని మంచిదనడానికి నాకేమీ నోరు నొప్పెట్టదు. అయితే అలా ఎఫ్ఐఆర్ రాయని రాత్రి ఏమైందో కూడా నాకు గుర్తుంది. అక్కడికి వస్తాను.

ముందు రిమాండు సంగతి చెప్పాలి. అరెస్టు చేసిన మనిషిని 24 గంటల్లో మెజిస్ట్రేటు ముందు పెట్టాలన్నది రాజ్యాంగంలోనే ఉంది. మా తాలూకాలో పట్టుబడ్డ దొంగలందరూ, చిత్రంగా, ఉదయం ఆరు గంటలకే దొరికేవారు. అందరూ బస్టాండు దగ్గరే. అందరూ "అనుమానాస్పదముగా తిరుగుచుండగా, పోలీసు వారిని చూచి పారిపోవ ప్రయత్నించగా"నే. ఆ రిమాండు రిపోర్టులన్నీ కలిపి చదివితే, మా ఊరి బస్టాండులో తెల్లవారుజామున ప్రయాణికులకన్నా దొంగలే ఎక్కువ తిరిగేవారని తేలుతుంది.

ఓ మెజిస్ట్రేటుగారు ఉండేవారు. ఆదివారమో పండగో అయితే ముద్దాయిని ఆయన ఇంటికే తెచ్చేవారు, నన్ను కబురంపి పిలిపించేవారు. వరండాలో బల్బు కింద కుర్చీ, ఆయన పంచె మీద తువ్వాలు కప్పుకొని కూర్చునేవారు. ముద్దాయి వెనక హెడ్డు, మరో కానిస్టేబులు. "నిన్ను కొట్టారా?" అని ఆయన ఏనాడూ అడగలేదు. వెనక హెడ్డు నిలబడి ఉండగా ఎవడు చెబుతాడు? హెడ్డుని గేటు దాకా వెళ్ళి రమ్మనేవారు. ఆ తర్వాత చాలా మామూలుగా, "ఇంట్లో ఆఖరిసారి అన్నం ఎప్పుడు తిన్నావు?" అని అడిగేవారు. ఓసారి ఒక కుర్రాడు ఏమీ అనుమానించకుండా, "సంక్రాంతి ముందు రోజండి, భోగినాడు" అన్నాడు. రిపోర్టులో అరెస్టు ఆ ఉదయం ఆరు గంటలకు. భోగి వెళ్ళి అప్పటికి వారం. తర్వాత చేతులు చాపమన్నారు, కూర్చోబెట్టి అరికాళ్ళు చూపించమన్నారు. టార్చిలైటు నా చేతిలో ఉంది. ఆ అరికాళ్ళు నేను వర్ణించను.

ఆయన ఏమీ కేకలు వెయ్యలేదు. ముద్దాయి చెప్పింది చెప్పినట్టు నా చేత రాయించారు, గవర్నమెంటు ఆసుపత్రికి పంపి గాయాల సర్టిఫికెట్టు తెప్పించమన్నారు, డీఎస్పీగారికి సంజాయిషీ అడుగుతూ మెమో పెట్టారు. గేటు దగ్గరనుంచి వచ్చిన హెడ్డు ముఖం చూడాలి. ఆ తర్వాత కొన్ని నెలలపాటు ఆ స్టేషనువాళ్ళు ఆయన ఊళ్ళో లేని రోజు చూసుకొని ముద్దాయిల్ని తెచ్చేవారు. మరికొన్నాళ్ళకి ముద్దాయిల చేత "నిన్న రాత్రి ఇంట్లోనే తిన్నానండి" అని చెప్పించడం కూడా నేర్చుకున్నారు. వాళ్ళేమీ మారిపోలేదు. కానీ ఒక మనిషి అడుగుతాడని తెలిసి ఇంత తంటాలు పడ్డారు, అది చాలు నాకు.

ఇప్పుడు మొదటిసారి మనిషిని ఎదుట పెట్టాలి, ఆ తర్వాత జైల్లోంచే తెర మీద చూపించి రిమాండు పొడిగించవచ్చు. ఖర్చు తగ్గింది, ఎస్కార్టు బాధ తగ్గింది, సరే. తెర మీద అరికాళ్ళు కనబడవు. భోగి ఎప్పుడో అడిగే తీరికా ఎవరికీ ఉండదు. ఉదయం ఏడు కాగానే రిమాండు కాగితాల కట్ట, పదిన్నరకల్లా కేసులు పిలిచే కాల్‌వర్కు. మెజిస్ట్రేట్లను నేను అనను, వాళ్ళ బల్ల మీద ఫైళ్ళు మోసినవాణ్ణి.

1978 మార్చి సంగతి. అప్పుడే చెన్నారెడ్డిగారి ప్రభుత్వం వచ్చింది. హైదరాబాదు నల్లకుంట పోలీసు స్టేషన్లో రాత్రివేళ సినిమా చూసి వస్తున్న ఒక పేద స్త్రీని తీసుకెళ్ళి పోలీసులు చెరిచారని, అడగడానికి వచ్చిన ఆమె భర్తను కొట్టి చంపారని తెలిసింది. ఆ భర్త రిక్షా తొక్కుకునేవాడు. వాళ్ళకి ఆస్తి లేదు, కులం బలం లేదు, వెనక పార్టీ లేదు. కానీ జనం శవాన్ని మోసుకొని స్టేషను ముందుకు వచ్చారు. రాళ్ళు పడ్డాయి, కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి, కర్ఫ్యూ పెట్టారు. అల్లర్లు మంచివని నేను చెప్పబోవడం లేదు. హైదరాబాదు నుంచి రెండువందల మైళ్ళ దూరంలో మా కోర్టు ఆవరణలో, టీ కొట్టు దగ్గర, రిజిస్ట్రారు ఆఫీసు అరుగు మీద అదే మాట. ముక్కూ మొహం తెలియని రిక్షావాడి కోసం మా ఊరి ప్లీడర్లు బల్ల గుద్ది వాదించుకున్నారు.

ప్రభుత్వం హైకోర్టు జడ్జి జస్టిస్ ముక్తదర్‌గారితో కమిషన్ వెయ్యక తప్పలేదు. పోలీసు తరఫువాళ్ళు ఆ స్త్రీ నడవడిక మంచిది కాదని రుజువు చెయ్యడానికి సాక్షుల్ని వరసగా నిలబెట్టారు. కమిషన్ వాటిని పక్కన పెట్టి, పోలీసులదే నేరమని తేల్చింది. తర్వాత కేసు కర్ణాటకలోని రాయచూరుకు బదిలీ అయింది. 1981లో అందరూ నిర్దోషులుగా బయటికి వచ్చారు. కాబట్టి మా రోజుల్లో న్యాయం జరిగేదని నేను గొప్పలు పోవడానికి లేదు. జరగలేదు. కానీ ఒక ఊరు మొత్తం అడిగింది. ప్రభుత్వం చెమటలు పట్టి సమాధానం చెప్పుకుంది. ఆ అడగడం సంగతే నేనంటున్నది.

ఇప్పుడు నలభై ఏళ్ళు ముందుకు రండి. అదే హైదరాబాదు శివారు. 2019 నవంబరు 27 రాత్రి ఓ పశువైద్యురాలి మీద నలుగురు దుర్మార్గులు చేసిన పని తలచుకుంటే ఈ రోజుకీ ఒళ్ళు జలదరిస్తుంది. ఆ రాత్రి ఆమె ఇంటివాళ్ళు పోలీసు స్టేషనుకు పరిగెత్తుకుంటూ వెళితే, అది మా పరిధి కాదు, ఆ స్టేషనుకు వెళ్ళండి అని తిప్పారని వాళ్ళు కంటతడితో చెప్పారు. కేసు రాయడంలో జాప్యం చేసినందుకు ముగ్గురు పోలీసుల్ని సస్పెండు కూడా చేశారు. చూడండి, పోలీసుని అడగవలసిన ప్రశ్న అక్కడుంది. ఆ రాత్రి వెంటనే జీపు కదిలి ఉంటే ఏమయ్యేది? దేశం మొత్తం అడగవలసింది అదే.

ఎవరూ అడగలేదు. డిసెంబరు 6 తెల్లవారకముందే నలుగురు నిందితుల్ని చటాన్‌పల్లి వంతెన దగ్గరకి తీసుకెళ్ళారు, తుపాకులు లాక్కొని కాల్పులు జరిపారన్నారు, నలుగురూ చచ్చిపోయారు. తెల్లారేసరికి జనం వంతెన మీదనుంచి పోలీసుల మీద పూలు చల్లుతున్నారు. మిఠాయిలు పంచారు. ఆడపిల్లలు రాఖీలు కట్టారు. ఆ పూలవానలో ఆ ముగ్గురు సస్పెండైన పోలీసుల ఊసు కొట్టుకుపోయింది. "మా పరిధి కాదు" అన్న మాట కొట్టుకుపోయింది. శాఖ మీద పడాల్సిన ప్రశ్న శాఖకు దండై మెడలో పడింది. మా ఇంట్లోనే మా కోడలు, చదువుకున్న పిల్ల, "మంచి పని చేశారు మామయ్యా" అంది. ఆడపిల్ల తల్లి, ఆ కోపం నాకు అర్థమవుతుంది. కోపం గురించి కాదు నా మాట.

సుప్రీంకోర్టు ఆ వారంలోనే సిర్పూర్కర్ కమిషన్ వేసింది. 2022 మేలో నివేదిక బయటికి వచ్చింది. నిందితులు తుపాకులు లాక్కున్నారన్న కథ నమ్మదగింది కాదని, చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని, పదిమంది పోలీసుల మీద హత్యకేసు విచారణ జరపాలని రాసింది. చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లని కూడా కమిషన్ తేల్చింది. పూలు చల్లినవాళ్ళలో ఎంతమంది ఆ నివేదిక చదివి ఉంటారు? మా హెడ్మాస్టరుగారిని అడిగితే "అవునా, అలాంటి కమిషన్ ఉందా?" అన్నారు. ముక్తదర్ కమిషన్ పేరు మాత్రం ఆయనకీ గుర్తే. ఆ రోజుల్లో రోజూ పేపర్లో దాని వాఙ్మూలాలు చదివినవాళ్ళమే కదా అందరం.

1978లో రిక్షావాడి కోసం రాళ్ళు, 2019లో తూటాలకు పూలు. ఇదీ నా "అప్పుడూ ఇప్పుడూ".

ఇక సంస్కరణల పురాణం. పోలీసుల్ని బాగుచేద్దామని మన దేశంలో వేసిన కమిటీలన్నీ తలచుకుంటే నాకు ఆవలింత వస్తుంది. 1855లోనే మద్రాసు ప్రెసిడెన్సీలో చిత్రహింసల మీద కమిషన్ నివేదిక ఇచ్చింది. శిస్తు కట్టలేదని రైతుల్ని ఎండలో వంచి కట్టడం, వేళ్ళు చెక్కల మధ్య బిగించడం అంతా అందులో రాసుంది. మన కృష్ణా, గుంటూరు, గోదావరి సీమలు అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోవే. వసూళ్ళు చేసేవాడూ పోలీసూ ఒకడే కావడం దీనికి మూలమని తేలాక, 1859లో మద్రాసు జిల్లాల పోలీసు చట్టం వచ్చింది. రెండేళ్ళకు 1861లో బ్రిటిష్ వాళ్ళ పాలనలోని చాలా ప్రాంతాలకు పోలీసు చట్టం. 1857 తిరుగుబాటు వేడి ఇంకా చల్లారని రోజులవి, జనాన్ని అదుపులో పెట్టడమే దాని ధ్యేయం. ఈ రోజుకీ మీ ఊళ్ళో ఊరేగింపు తియ్యాలంటే పేపర్లో "30 పోలీసు యాక్టు అమల్లో ఉంది" అని పడుతుందే, అది ఆ 1861 చట్టంలోదే. హైదరాబాదు నగరానికైతే నిజాం కాలపు 1348 ఫస్లీ చట్టం.

1902లో ఫ్రేజర్ కమిషన్ వేసి, పోలీసు శాఖ అవినీతితో జనాన్ని పీడిస్తోందని తెల్లదొరలే తేల్చారు. ఎమర్జెన్సీ ఆగడాలు చూశాక 1977లో జనతా ప్రభుత్వం ధర్మవీర అధ్యక్షతన జాతీయ పోలీసు కమిషన్ వేసింది. పాపం ఆయన ఎనిమిది నివేదికలు రాశారు. 1980లో ఇందిరాగాంధీ తిరిగి వచ్చారు, 1981లో కమిషన్ పని ముగిసింది, నివేదికలు అటక ఎక్కాయి. తర్వాత రిబీరో కమిటీ, పద్మనాభయ్య కమిటీ, మళీమఠ్ కమిటీ, సోలీ సొరాబ్జీ కమిటీ... ఒక్కో కమిటీ మొదట ముందటి కమిటీ చెప్పింది చదవడం, చివర్లో అదే మళ్ళీ చెప్పడం.

ఈ వరసలో ఒక మనిషికి మాత్రం నేను దణ్ణం పెడతాను. ప్రకాశ్ సింగ్. ఉత్తరప్రదేశ్, అస్సాం డీజీపీగా, సరిహద్దు భద్రతా దళం అధిపతిగా చేసి రిటైరయ్యాక, రిటైరైనవాళ్ళు చేసే పని చెయ్యకుండా, 1996లో సుప్రీంకోర్టులో పిటిషను వేశాడు. పదేళ్ళకు 2006 సెప్టెంబరు 22న తీర్పు వచ్చింది. ఏడు ఆదేశాలు. ఏడూ ఇక్కడ ఏకరువు పెట్టను, మా ఊరికి సంబంధించిన రెండు మూడే చెబుతాను.

ఒకటి, స్టేషను ఎస్సైనీ జిల్లా ఎస్పీనీ ఊరికే మార్చకూడదు, కనీసం రెండేళ్ళు ఉంచాలి. దీని విలువ తెలియాలంటే మా ఊరి లాంటి చిన్న టౌనులో ఉండాలి. మా రోజుల్లో ఎమ్మెల్యే ఎస్పీగారి ఆఫీసుకి వెళ్ళి కూర్చుని కాఫీ తాగి, ఫలానా ఎస్సై బాగోలేడండీ అని చెప్పేవాడు. ఎస్పీ వినేవాడు, సగం చేసేవాడు, సగం మరిచిపోయేవాడు. ఇప్పుడు ఎమ్మెల్యేగారి లెటరు లేకుండా ఎస్సైకి స్టేషను దొరకడం అరుదన్నది రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అందరికీ తెలిసిన సంగతే. ఏ జెండా వచ్చినా ఇంతే, ఈ విషయంలో పార్టీల మధ్య ఆశ్చర్యకరమైన ఐకమత్యం. లెటరిచ్చినాయన మాట వినకపోతే రాత్రికి రాత్రి స్టేషను లేకుండా వీఆర్‌కి, అంటే వేకెన్సీ రిజర్వుకి, పంపుతారు. అక్కడ కుర్చీ కూడా ఉండదు. ఇలాంటి ఎస్సైని పట్టుకొని నిష్పక్షపాతంగా దర్యాప్తు చెయ్యమంటే ఏం చేస్తాడు? ఎవరి దయతో ఆ కుర్చీలో కూర్చున్నాడో వారికే జవాబుదారీ. మీకూ నాకూ కాదు.

రెండు, దర్యాప్తు చేసేవాళ్ళు వేరు, శాంతిభద్రతలు చూసేవాళ్ళు వేరు ఉండాలి. బందోబస్తు నుంచి బందోబస్తుకి పరిగెత్తే ఎస్సై దొంగతనం కేసులో సాక్షిని ఎప్పుడు విచారిస్తాడు? అందుకే దొరికినవాడి చేత ఒప్పించడం తప్ప ఇంకో దారి తెలియదు. తీరిక లేని దర్యాప్తుకి లాఠీయే అడ్డదారి. ఇది సమర్థన కాదు, నా కళ్ళతో చూసిన కారణం.

మూడు, పోలీసు మీద ఫిర్యాదు చెయ్యడానికి రాష్ట్రానికొకటి, జిల్లాకొకటి అథారిటీ. రిటైర్డు జడ్జి అధ్యక్షతన. ఇది మా రోజుల్లో లేనిది, నిజంగా కావలసింది. ఎస్సై కొడితే సీఐకి, సీఐ కొడితే డీఎస్పీకి చెప్పుకోవడమే మాకు తెలుసు. తోడేలు మీద తోడేలుకే ఫిర్యాదు. మరి ఇప్పుడు? మీ జిల్లాలో ఆ అథారిటీ ఆఫీసు ఎక్కడుందో మీకు తెలుసా? పోనీ, మీకు తెలిసినవాళ్ళెవరికైనా తెలుసా? ఆదేశాలన్నీ ఆ 2006 ఆఖరుకల్లా అమలు చెయ్యమన్నారు. 2010లో జస్టిస్ థామస్ కమిటీ, అమలు ఎంతవరకు వచ్చిందో చూసి, రాష్ట్రాల ఉదాసీనతకు విస్తుపోయింది. తాత్కాలిక డీజీపీల్ని పెట్టద్దని 2018లో కోర్టు మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. చెప్పాక కూడా కొన్ని రాష్ట్రాలు ఇన్‌ఛార్జి డీజీపీలతోనే బండి లాగిస్తున్నాయి.

ఎందుకు జరగదు? నాయకులకు ఇష్టం లేదంటారు. నిజమే. కానీ ఏ ఎన్నికల్లోనైనా, "మా ఎస్సైని రెండేళ్ళ దాకా కదపనని మాటివ్వు, ఓటేస్తాను" అని ఒక్క ఓటరు అడిగాడా? కరెంటు అడిగాం, పింఛను అడిగాం, సిమెంటు రోడ్డు అడిగాం. "మనవాడు ఎస్సైగా వస్తే చాలు" అని మాత్రం మనమూ అడిగాం.

కెమెరాల మాట కూడా చెప్పి తీరాలి. డీకే బసు కేసులో 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు పదకొండు సూత్రాలు చెప్పింది. అరెస్టు చేసే పోలీసు పేరు బిళ్ళ కనబడాలి, అరెస్టు మెమో రాయాలి, ఇంటివాళ్ళకి కబురు చెయ్యాలి, 48 గంటలకోసారి డాక్టరు చూడాలి. 2020 డిసెంబరులో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో ఇంకాస్త ముందుకు వెళ్ళి, ప్రతి స్టేషన్లో లాకప్పుతో సహా అన్నిచోట్లా మాట కూడా వినబడే కెమెరాలు పెట్టాలని, చీకట్లోనూ కనబడాలని, ఆ రికార్డు పద్దెనిమిది నెలలు దాచాలని చెప్పింది.

మొన్న నేను హెల్మెట్టు లేకుండా పక్క వీధిలోని మందుల షాపుకి వెళ్ళొచ్చాను. ఇంటికొచ్చి చెప్పులు విప్పేలోపు ఫోనుకి చలానా. నా బట్టతల, నా బండి నంబరు, నా సంచిలోని బీపీ మాత్రల కవరు, అన్నీ సుబ్బరంగా ఫొటోలో ఉన్నాయి. ఇంత చూపున్న కెమెరాలు స్టేషను లోపలికి వెళ్ళేసరికి ఎందుకు మసకబారతాయి? ఎక్కడైనా లాకప్పులో ఎవరైనా పోయారని వార్త రాగానే, రెండో రోజుకి "ఆ సమయంలో కెమెరా పనిచెయ్యడం లేదు" అన్న వార్త కూడా వస్తుంది. మా రోజుల్లో బస్టాండు, ఇప్పుడు కెమెరా రిపేరు. కథ మారింది, టైము మారలేదు.

2021 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా అడ్డగూడూరు స్టేషన్లో ఓ దళిత స్త్రీ దొంగతనం అనుమానం మీద విచారణకని వచ్చి శవమైంది. ఎస్సైనీ ఇద్దరు కానిస్టేబుళ్ళనీ ఉద్యోగాల్లోంచి తీసేశారు. తీసెయ్యడం మంచిదే. కానీ ఆమె కోసం ఏ వంతెన మీద ఎవరు నిలబడ్డారు? దళిత సంఘాలు, హక్కుల సంఘాలవాళ్ళు కొందరు. మిగతా ఊళ్ళు? ఇంటిపని చేసుకునే మనిషి. రిక్షావాడి లాంటిదే ఆవిడ పరిస్థితీ.

పోలీసు కష్టం నాకు తెలియదనుకోకండి. నా మేనల్లుడు కానిస్టేబులే. వాడికి వారానికో సెలవన్నది కలలో మాట. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో వీక్లీ ఆఫ్ ప్రకటించినప్పుడు వాళ్ళింట్లో పాయసం చేసుకున్నారు. తర్వాత ఆ సెలవు ఎప్పుడొస్తుందో, ఎప్పుడు రద్దవుతుందో వాడికే తెలియదు. పండగంటే బందోబస్తు, మంత్రిగారొస్తే బందోబస్తు, మంత్రిగారు రానంటే కూడా సాయంత్రం దాకా ఎండలో నిలబడాలి. అలాంటి మనిషి అలసటా కోపమూ ఎవరి మీద తీరతాయి? పైవాడి మీద తీర్చుకోలేడు. సంస్కరణ అంటే పోలీసుని పట్టుకొని తిట్టడం కాదని నేను మా బల్ల మీద పదేపదే చెబుతుంటాను. వాడికి ఎనిమిది గంటల డ్యూటీ, రెండేళ్ళ నిలకడ, లెటర్ల బెడద లేకుండా పోస్టింగు ఇచ్చి, ఆ తర్వాత తప్పు చేస్తే బోనెక్కించండి. మొదటి మూడూ ఇవ్వం. నాలుగోది చెయ్యం. పూలు మాత్రం చల్లుతాం.

జీరో ఎఫ్ఐఆర్ సంగతి రాసిన ఆ కొత్త చట్టంలో ఇంకో సంగతి. 1980లో సుప్రీంకోర్టు బేడీలు మనిషి గౌరవానికి భంగమని, తప్పనిసరైతే తప్ప వెయ్యద్దని చెప్పింది. ఆ తీర్పు కాపీ మా కోర్టు గోడకి పిన్ను పెట్టి ఉండేది. ఎవరైనా ముద్దాయిని బేడీలతో తెస్తే ప్లీడర్లు లేచి నిలబడేవారు. ఇప్పుడు కొన్ని నేరాలకు బేడీలు వెయ్యచ్చని చట్టంలోనే చేర్చారు. అదే చట్టంలో సోదాలు వీడియో తియ్యాలని కూడా రాశారు. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకున్నారు. చిత్రహింసలకు వ్యతిరేకంగా ఐక్యరాజ్యసమితి ఒప్పందం మీద మన దేశం 1997లో సంతకం పెట్టింది. పార్లమెంటులో దాన్ని ఖరారు చేసే చట్టం మాత్రం ఈ రోజుకీ లేదు. 2010లో బిల్లు లోక్‌సభ దాటింది, రాజ్యసభలో ఆగి చచ్చిపోయింది.

మా మనవడు ఇదంతా విని, "మరి మమ్మల్ని ఏం చెయ్యమంటావు తాతయ్యా, ధర్నా చెయ్యమంటావా?" అన్నాడు. ధర్నా చేస్తే 30 యాక్టు ఉందిగా, వద్దులే అన్నాను. చేతిలో ఉన్న పని ఒకటి చెప్పాను, మీకూ అదే చెబుతున్నాను.

అరెస్టు మెమో మీద సాక్షి సంతకం కావాలి. అరెస్టైన మనిషి ఇంటివాళ్ళో, ఆ వీధిలో పెద్దమనిషో ఒకరు పెట్టాలి. ఈ దేశంలో ఆ సంతకాలు ఎక్కువగా ఖాళీ కాగితాల మీదే పడతాయి. కానిస్టేబులు బండి దిగి, "ఏమీ లేదండీ, ఫార్మాలిటీ, ఇక్కడొక సంతకం" అంటాడు. మనం ఎందుకొచ్చిన గొడవని గబగబా పెట్టేసి లోపలికి వెళ్ళిపోతాం. ఈసారి అలా పెట్టకండి. కళ్ళజోడు తెచ్చుకొనేదాకా ఆగమనండి. తేదీ చూడండి, టైము చూడండి. మనిషిని తీసుకెళ్ళింది మొన్న రాత్రయితే, కాగితంలో ఈ రోజు ఉదయం ఆరు గంటలని ఉంటే, మొన్న రాత్రి అని రాసి, కింద మీ పేరూ ఇంటి నంబరూ వేసి అప్పుడు సంతకం పెట్టండి. ఎవరూ మిమ్మల్ని తినెయ్యరు.